మా చిన్నికి తన ఆట దొరకడానికి నెలలు పట్టింది – నా అనుభవం

ఇది రాయడానికి కారణం మా ఆఫీసులో పనిచేసే అమ్మాయి. వాళ్ళ బాబుకి ఐదేళ్ళు, ఏ ఆటలో చేర్పించమంటావక్కా అని పోయిన వారం అడిగింది. నోటితో చెప్తే సగం మర్చిపోతానని మొత్తం రాస్తున్నా, ఖర్చులతో సహా.

మాది విజయవాడ, పటమట. మావారిది ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపులో పని, నేను ఒక చిట్‌ఫండ్ ఆఫీసులో లెక్కలు చూస్తా. ఇద్దరం ఇంటికొచ్చేసరికి రాత్రి ఏడవుతుంది. పాప స్కూలు నుంచి వచ్చి మా అత్తగారి ఫోన్ పట్టుకుని కూర్చునేది. 2024 ఏప్రిల్లో జ్వరమొచ్చి పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన మందులు రాసి, చీటీ ఇచ్చేముందు "రోజుకి ఎంతసేపు పరిగెడుతుందమ్మా మీ పాప?" అన్నారు. నాకు జవాబు తెలీలేదు. ఐదేళ్ళు దాటిన పిల్లలకి రోజుకి గంటసేపన్నా ఒళ్ళు కదిలే ఆట ఉండాలి అన్నారు ఆయన. అప్పటికి దానికి ఆరేళ్ళు నిండి నెల. అపార్ట్‌మెంట్‌లో సెల్లార్ తప్ప చోటు లేదు, స్కూలు చూస్తే మూడంతస్తుల బిల్డింగు, గ్రౌండ్ అంటే బస్సులు ఆగే చోటే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఫీజు కట్టేటప్పుడు కంప్యూటర్ ల్యాబ్ చూశాం, ఏసీ చూశాం, పిల్ల ఎక్కడ పరిగెడుతుందో మాత్రం చూడలేదు అని.

ఎండాకాలం కదా, స్విమ్మింగ్ అనుకున్నాం. ఇంకో కారణం కూడా ఉందిలెండి. మా ఊళ్ళో ఎవరింట్లో ఆడపిల్ల పుట్టినా జ్యోతి సురేఖ పేరు ఒకసారన్నా వస్తుంది. నాలుగేళ్ళకే కృష్ణ ఈదింది, ఆసియా క్రీడల్లో ఆర్చరీలో మూడు గోల్డ్‌లు తెచ్చింది అని మా మామగారు పేపర్ పట్టుకుని చదివి వినిపించారు. మన పాప ఆరేళ్ళది, ఈపాటికే లేటు అన్నారు. ఆ మాట నా బుర్రలో పడిపోయింది. సురేఖ ఈతతో మొదలుపెట్టి విల్లు దగ్గరికి వెళ్ళిందన్న సంగతి మాత్రం అప్పుడు మాలో ఎవరికీ తట్టలేదు. ఒకటి మొదలుపెట్టి ఇంకోదానికి వెళ్ళొచ్చని ఆవిడ కథలోనే ఉంది, మేం విన్నది నాలుగేళ్ళు అన్న ముక్క ఒక్కటే.

మే 6 సోమవారం ఒక ప్రైవేట్ పూల్‌లో చేర్పించాం. నెలకి 3,500. కాస్ట్యూమ్, క్యాప్, గాగుల్స్, చెవిలో పెట్టుకునేవి కలిపి 1,180. ఎవరూ ముందు చెప్పరుగానీ క్యాప్ పిల్లల సైజు అడిగి తీసుకోండి, మాకు పెద్దవాళ్ళది అంటగట్టారు, నీళ్ళలో దిగగానే జారిపోయేది. తలకి కొబ్బరినూనె రాసి పంపకపోతే వారానికే జుట్టు పీచులా అవుతుంది. కళ్ళు ఎర్రబడతాయి, అది సాయంత్రానికి తగ్గిపోతుంది, కంగారు పడక్కర్లేదు. మొదటి నాలుగు రోజులు బానే ఉంది. కమ్మీ పట్టుకుని కాళ్ళు కొట్టడం, నీళ్ళలో మూతి పెట్టి బుడగలు వదలడం. ఇంటికొచ్చి బకెట్లో కూడా బుడగలు వదిలి చూపించేది.

ఆరో రోజు, శనివారం, కోచ్ వీళ్ళ బ్యాచ్‌ని లోతు వైపు తీసుకెళ్ళాడు. పేరెంట్స్‌ని లోపలికి రానివ్వరు, అద్దం అవతల నిలబడాలి. ఒక్కొక్కళ్ళని చంక కింద పట్టుకుని నీళ్ళలోకి వదుల్తున్నాడు, మునిగి లేచాక తను పట్టుకుంటాడు, భయం పోవడానికి అలా చేస్తారట. మా పాప వంతు వచ్చేసరికి అది అద్దం వైపు చూసింది, నా కోసం. నేను చెయ్యి ఊపి దూకు దూకు అని సైగ చేశా. ఆ సైగ చేసినందుకు ఇప్పటికీ నా చెయ్యి నాకే బరువుగా ఉంటుంది. మునిగింది, లేచింది, నోట్లో నీళ్ళు, ఏడుపు కూడా రాలేదు ముందు, ఊపిరి అందాక మొదలైంది, బట్టలు మార్చుకునే గదిలో కూడా నా మెడ వదల్లేదు.

ఆదివారం సెలవు, సోమవారం 13న పోలింగ్ కాబట్టి సెలవు. ఆ రెండు రాత్రులూ నిద్రలో ఉలిక్కిపడి లేచింది, రెండేళ్ళుగా లేని పక్క తడపడం మళ్ళీ వచ్చింది. మంగళవారం పొద్దున్నే లేపితే మంచం కోడు పట్టుకుని కూర్చుంది. మావారు ఒక్క మాట కూడా అనకుండా కాస్ట్యూమ్ తీసి బీరువాలో పెట్టేశారు. ఫీజు వెనక్కి ఇవ్వమంటే అలాంటి పద్ధతి లేదన్నారు. పోతే పోయింది. నెల రోజులు తలంటు పోసుకునేటప్పుడు కూడా ముఖం మీద నీళ్ళు పడనిచ్చేది కాదు, అది మాత్రం డబ్బుతో తేలే సంగతి కాదు కదా.

జూన్ అంతా ఏమీ చెయ్యలేదు. స్కూళ్ళు తెరిచారు, హోంవర్కులు మొదలయ్యాయి. జులైలో ఈసారి మావారు షటిల్ అన్నారు. సింధు వాళ్ళ అమ్మానాన్నలు ఇద్దరూ వాలీబాల్ ఆడినవాళ్ళే, అయినా కూతురు షటిల్ ఎంచుకుంటే పంపించారు, మనం దీన్ని నాలుగు చోట్ల తిప్పుదాం, ఏది నచ్చుతుందో చూద్దాం అన్నారు. మంచి మాటే. కానీ ఎంచుకున్నది మళ్ళీ మేమే, దాన్ని అడగలేదు.

జులై 1న చేరింది. అడ్మిషన్ 1,000, నెలకి 2,000, సాయంత్రం ఐదున్నర నుంచి ఆరున్నర. మా అత్తగారు ఆటోలో దింపేవారు, నేను ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళి తీసుకొచ్చేదాన్ని. రాకెట్ మేమే ముందు కొనేశాం, 1,450 పెట్టి, మంచిది కదా అని. అది పెద్దవాళ్ళ రాకెట్. పది రోజులకి మణికట్టు నొప్పి అంది. అప్పుడు కోచ్ చూసి, అమ్మా దీనికి పిల్లల పొట్టి రాకెట్ తీసుకోవాలి, ముందే నన్ను అడగాల్సింది అన్నాడు. అదింకో 700. నాన్ మార్కింగ్ షూస్ (నేల మీద గీతలు పడనివి) లేకపోతే కోర్టులోకి రానివ్వరు, 1,650. ఒక అంగుళం పెద్దవి కొనండి అని షాపులో చెప్తారు, కొనకండి, కాలు లోపల ఆడి రెండుసార్లు పడింది. ఒక నెల ఊరికే పంపించి చూసి, ఆ తర్వాతే సామాన్లు కొనాలి అన్న తెలివి మాకు అప్పటికి ఇంకా రాలేదు.

ఒకరోజు ఆఫీసు తొందరగా అయిపోయి మొత్తం క్లాసు చూశా. ఇరవై రెండు మంది పిల్లలు, ఒక కోచ్, వీళ్ళకి ఇచ్చింది ఒక కోర్టు. మొదటి పావుగంట వార్మప్. తర్వాత లైన్. ముందున్న పిల్ల ఐదు షటిల్స్ కొట్టి వెనక్కి వెళ్ళి నిలబడాలి. ఊసుపోక ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి, మా పాప ఆడుతున్నప్పుడు మాత్రమే నొక్కా. గంటలో అది రాకెట్ ఆడించింది ఆరు నిమిషాల నలభై సెకన్లు. మిగతా టైమంతా లైన్లో నిలబడి రాకెట్ తీగల్లో వేలు పెట్టి లాగుతోంది, గోడ మీద బల్లిని చూస్తోంది. కోచ్ తప్పని నేను అనను, ఒక్క మనిషి ఎంతమందిని చూస్తాడు. కానీ మేం కట్టింది ఆ ఆరు నిమిషాలకి.

ఇంకొకటి కూడా ఆ రోజే కళ్ళ ముందు జరిగింది, చూసీ పట్టించుకోలేదు. వార్మప్‌లో ఒకళ్ళనొకళ్ళు తరుముకునే ఆట పెట్టాడు కోచ్. ఆ ఐదు నిమిషాలు మా పాప ముఖం వేరేగా ఉంది. జడ ఊడిపోయింది, నోరు తెరిచి నవ్వుతోంది, తనకంటే రెండేళ్ళు పెద్ద పిల్లాడికి కూడా దొరకలేదు. విజిల్ వెయ్యగానే ఆ ముఖం ఆరిపోయింది, రాకెట్ తీసుకుని లైన్లోకి వెళ్ళింది. నేను చూసి, పర్లేదు బాగా పరిగెడుతోంది, షటిల్‌కి ఫుట్‌వర్క్ పనికొస్తుంది అనుకున్నా!

ఆగస్టు చివరికి "ఇవాళ కడుపునొప్పి" రోజులు ఎక్కువయ్యాయి. సెప్టెంబర్ ఫీజు కట్టాలా వద్దా అనుకుంటుండగానే బుడమేరు వాగు పొంగి వరద వచ్చింది.

సెప్టెంబర్ 1 ఆదివారం. మా పటమట వైపు మాకేం కాలేదు కానీ మా ఆడపడుచు వాళ్ళది సింగ్‌నగర్. కింది వాటా మునిగిపోయి రెండు రాత్రులు డాబా మీదే ఉన్నారు, వదిన, అన్నయ్య, పన్నెండేళ్ళ వాళ్ళబ్బాయి. ఫోన్లు చార్జింగ్ లేక ఆగిపోయాయి. మావారు ఫ్లైఓవర్ దగ్గర పొద్దున్నుంచి నిలబడి, వచ్చే ప్రతి పడవలో ముఖాలు వెతుక్కున్నారు. మంగళవారం సాయంత్రం దొరికారు. పిల్లాడు మా ఇంటికొచ్చి స్నానం చేసి రెండు ప్లేట్లు పప్పన్నం తిని పద్నాలుగు గంటలు పడుకున్నాడు. ఆ ఏడు వినాయకచవితి మా ఇంట్లో ఏడుగురం చేసుకున్నాం, చిన్న మట్టి బొమ్మ, ఉండ్రాళ్ళు, అంతే.

వాడు మున్సిపల్ స్కూల్లో ఏడో తరగతి, ఖోఖో ఆడతాడు. స్కూలు లేదు, పుస్తకాలు నీళ్ళపాలు, చేసేదేం లేదు. నాలుగో రోజు మా అత్తగారి ముగ్గు డబ్బా తీసుకుని సెల్లార్‌లోకి వెళ్ళాడు. మేం చూసేసరికి బైకులు ఒక వైపు జరిపించి, నేల మీద వరసగా నాలుగు గళ్ళు గీశాడు, రెండు చివరలా రెండు పిల్లర్లే పోల్స్. అపార్ట్‌మెంట్‌లో పిల్లలు ఐదుగురు చేరారు. మా చిన్ని అందరిలోకీ చిన్నది. "బావా నేనూ" అంది. వాడు కాదనలేదు, కూర్చోబెట్టాడు.

ఖోఖోలో కూర్చోవడమే సగం ఆట అని నాకు అప్పటిదాకా తెలీదు. పక్కపక్క వాళ్ళు ఎదురెదురు దిక్కులకి తిరిగి కూర్చుంటారు, మునివేళ్ళ మీద, చేతులు నేలకి ఆనించి, పిలుపు రాగానే లేచే లాగా. వెనక నుంచి వీపు తట్టి ఖో అంటే గానీ లేవకూడదు, ఖో అనకముందే కదిలితే ఫౌల్. లేచాక ఒక దిక్కు తీసుకుంటే వెనక్కి తిరగకూడదు, మధ్య గీత దాటకూడదు. అన్నం తినేటప్పుడు రెండు నిమిషాలు ఒక చోట కూర్చోని పిల్ల, ఆ ముగ్గు గడిలో కూర్చుని ఉంది. వేళ్ళకి ముగ్గు అంటుకుంది. తల ఒక పక్కకి తిప్పి, వాళ్ళ బావ అడుగులు ఎటు వస్తున్నాయో చెవితో వింటోంది. నేను మెట్ల మీద కూరగాయల సంచీతో నిలబడిపోయా. వాడు వచ్చి వీపు మీద తట్టాడు, ఖో! లేచిన పిల్ల నాకు కనపడలేదు, జడ ఒక్కటే కనపడింది.

సెప్టెంబర్ 16న వాళ్ళు ఇల్లు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. పదమూడు రోజులు ఉన్నారు. ఆ రాత్రి చిన్ని, అమ్మా నేను షటిల్‌కి వెళ్ళను, ఖోఖోకి వెళ్తా అంది. ఏడుస్తూ కాదు, మామూలుగా చెప్పింది. ఇది కావాలి అని అది నోరు తెరిచి అడగడం అదే మొదటిసారి. అప్పటిదాకా అడిగే అవకాశం మేమివ్వలేదులే.

ఖోఖోకి ప్రైవేట్ అకాడమీలు అంత తేలిగ్గా దొరకవు. దాని స్కూల్లో అడిగితే పీఈటీ ఉన్నాడు కానీ పరేడ్‌లూ డ్రిల్లూ తప్ప గ్రౌండ్ లేదు కదా మేడమ్ అన్నారు. దసరా సెలవులన్నీ వాకబు చెయ్యడంతోనే గడిచిపోయాయి. చివరికి మా ఇంటికి కిలోమీటరున్నర దూరంలో ఒక మున్సిపల్ స్కూల్లో పొద్దున్నే ప్రాక్టీస్ చేయిస్తారని మావారి షాపుకొచ్చే ఆటో డ్రైవర్ చెప్పాడు. అక్టోబర్ 21న వెళ్ళా. మాస్టారు ముందు పాపని చూసి నవ్వారు. "మరీ చిన్నదమ్మా, మా పిల్లలు తొమ్మిది పదేళ్ళ వాళ్ళు. పైగా మీది వేరే స్కూలు, హెడ్మాస్టర్ గారిని అడగాలి" అన్నారు. మూడు వారాలు తిరిగా. ఒకసారి ఆయన లీవు, ఒకసారి హెడ్మాస్టర్ గారు మీటింగు. నవంబర్ 11న సరే అన్నారు, దెబ్బ తగిలితే బాధ్యత మాదే అని ఒక కాగితం రాయించుకున్నారు. ఫీజు ఎంత సార్ అంటే ఆయన నొచ్చుకున్నట్టు చూశారు.

పొద్దున ఆరుకల్లా అక్కడుండాలి, ఏడుంపావు దాకా. నవంబర్ చలిలో ఐదుంపావుకి లేపడం ఎలా అని నేను భయపడితే అది నాకంటే ముందే లేచి కూర్చునేది. మొదటి నెల దాన్ని ఆటలోకి తీసుకోలేదు. పోల్ చుట్టూ తిరగడం, గీత మీద పరిగెత్తడం, గళ్ళ మధ్య పాములా మెలికలు తిరగడం, కూర్చోవడం లేవడం, అంతే. ఇక్కడా ఇరవై రెండు మందే, కానీ అందరూ అంతసేపూ కదుల్తూనే ఉన్నారు, ఎవరికీ గోడ మీద బల్లిని చూసే తీరిక లేదు. ఖర్చు అంటారా, క్యాన్వాస్ షూస్ 450, మోకాళ్ళకి క్యాప్స్ 280. మొత్తం 730. ముందు రెండింటికీ కలిపి 13,480 పోసి ఉన్నాం.

కష్టాలు లేవని కాదు. పిల్లలందరూ ఒకే స్కూలు, ఇది బయటది, మొదట్లో దీనికి ఎవరూ ఖో ఇచ్చేవాళ్ళు కాదు. గంటంబావు కూర్చుని కూర్చుని వచ్చేసిన రోజులున్నాయి. నేను మాస్టారికి చెప్పనా అంటే వద్దంది. డిసెంబర్లో ఒకరోజు ఎవరో అమ్మాయి ఇచ్చిందట, ఆ అమ్మాయి పేరు ఇప్పటికీ మా ఇంట్లో రోజూ వినపడుతుంది. ఫిబ్రవరిలో మోకాలు చెక్కుకుపోయి రక్తం కారింది. ధనుర్వాతం ఇంజెక్షన్ వేయిద్దామని పరిగెత్తా, డాక్టర్ టీకాల కార్డు చూసి ఐదేళ్ళప్పుడు బూస్టర్ పడింది కదా, ఇప్పుడు అక్కర్లేదు, సబ్బుతో కడగండి చాలు అన్నారు. ఆ కార్డు దాచిపెట్టుకోండి. మా వాళ్ళు కూడా ఊరుకోలేదు, అన్నేసి డబ్బులు పోసి ఇంగ్లీష్ మీడియంలో వేసి మట్టిలో ఆటలేంటి అని మా పెద్దత్త అన్నారు. జనవరి 19న ఢిల్లీలో మొదటి ఖోఖో వరల్డ్ కప్ ఫైనల్స్ వచ్చాయి టీవీలో. ఆడవాళ్ళు నేపాల్ మీద 78-40, మగవాళ్ళు కూడా నేపాల్ మీదే 54-36. ఇల్లంతా చూశాం, సింగ్‌నగర్ వాళ్ళూ వచ్చారు. చిన్ని సోఫా ఎక్కి ఫౌల్ ఫౌల్ అని రిఫరీ కంటే ముందు అరుస్తోంది. ఆ తర్వాత పెద్దత్త మాట్లాడలేదు, పైగా ప్రాక్టీసు నుంచి రాగానే రాగిజావ ఆవిడే కలిపి ఇస్తున్నారు.

మార్పు అంటే నేను చూసినవి చెప్తా. రాత్రి పదకొండుకి పడుకునేది, ఇప్పుడు తొమ్మిదికి కళ్ళు వాలిపోతాయి. పెసరట్టు ఒకటి తినడానికి గంట పట్టేది, ఇప్పుడు రెండు అడుగుతోంది. ఇంతకుముందు అష్టాచెమ్మాలో కాయ చస్తే గవ్వలు విసిరికొట్టేది. మొన్న గ్రౌండ్‌లో రన్నింగ్‌కి, అంటే తరిమేవాళ్ళకి దొరక్కుండా పరిగెత్తడానికి దిగి పది సెకన్లు కూడా లేకుండా అవుటైంది, నాకు గుండె జారింది, ఏడుస్తుందేమో అని. అది బయటికొచ్చి నీళ్ళు తాగి, "అమ్మా, ఆ అక్క ఎడమ వైపు నుంచి వచ్చింది, నేను కుడి వైపు చూశా" అని చెప్పి మళ్ళీ లైన్ దగ్గరికి వెళ్ళి చూడ్డం మొదలుపెట్టింది. చదువులో ఏం మార్పు వచ్చింది అని అందరూ అడుగుతారు. మార్కులు అలాగే ఉన్నాయి, తగ్గలేదు పెరగలేదు.

ఒక్కటి మిగిలింది. డాబా మీద ఆ రెండు రాత్రులు గడిపాక వాళ్ళ బావ ఈత నేర్చుకుంటా అని పట్టుబట్టాడు. ఈ మేలో చేరాడు, వేరే పూల్. నేను ఈసారి ముందు వెళ్ళి గంట నిలబడి చూశా. కోచ్ తను ముందు నీళ్ళలో దిగి నిలబడి పిల్లల్ని మెట్ల మీద నుంచి ఒక్కో మెట్టే దింపుతోంది, అమ్మానాన్నల్ని పక్కనే కూర్చోనిస్తోంది. చిన్నిని రమ్మని నేను అడగలేదు. అదే, బావని చూడ్డానికి వస్తా అంది, ఊరికే చూడ్డానికే అని రెండుసార్లు నొక్కి చెప్పింది.

నాలుగు రోజులు బెంచీ మీదే కూర్చుంది. ఐదో రోజు చెప్పులు విప్పి, ఫ్రాకు మోకాళ్ళ పైకి మడిచి, పై మెట్టు మీద కూర్చుని పాదాలు నీళ్ళలో పెట్టింది. నేను దగ్గరికి వెళ్ళలేదు, చెయ్యి కూడా ఊపలేదు. కాసేపటికి తనే వెనక్కి తిరిగి నా వైపు చూసి, "రేపు రెండో మెట్టు" అంది.